గీత పడని పెదనాన్న

మా పెదనాన్న ముప్పై ఒక్క ఏళ్ళు సర్వే ఆఫీసులో జీపు డ్రైవరుగా పనిచేశాడు. అన్నేళ్ళలో బండికి ఒక్క గీత కూడా పడలేదని, రిటైరైన రోజున ఆఫీసువాళ్ళు ఒక సర్టిఫికెట్ ఇచ్చారు. పెద్దమ్మ దానికి ఫ్రేము కట్టించి ముందుగదిలో తగిలించింది. ఇది తొమ్మిదేళ్ళ కిందటి మాట. అప్పట్నుంచీ మా ఇళ్ళలో ఎవరికీ మనశ్శాంతి లేదు.

ఆయన కొడుకు, అంటే మా అన్నయ్య, ఒకసారి స్కూటరు తీసుకెళ్ళి గేటుకి గుద్దాడు. ఆ ఫ్రేము కింద నిలబెట్టి నలభై నిమిషాలు క్లాసు పీకాడు పెదనాన్న. ఆ టైములో స్కూటరు బాగుచేయించుకుని వచ్చెయ్యొచ్చు. మా నాన్న ఆయనకి స్వయానా తమ్ముడు, జుట్టంతా నెరిసిన మనిషి. చేతిలోంచి గాజు గ్లాసు జారితే ఆయన్నీ వదల్లేదు. "ధ్యాస ఉండాలిరా. నేను ముప్పై ఒక్క ఏళ్ళు..." అని మొదలెట్టాడు. నాన్న గాజుముక్కలు ఏరుకుంటూ మొత్తం విన్నాడు. వీధిలో అందరూ ఆయన్ని "గీత పడని ఆయన" అనేవాళ్ళు. వాళ్ళు గౌరవంగా అనేవాళ్ళు, మేం కడుపుమంటతో అనేవాళ్ళం.

అలాంటి మనిషిని సాయం అడగాల్సిన అవసరం నాకొచ్చింది.

నేను పశువుల డాక్టర్ని. నేను చూసుకోవాల్సిన ముప్పై రెండు ఊళ్ళలో పదకొండు ఊళ్ళు వాగుకి అవతల, గుట్టల మీద ఉన్నాయి. ఎండాకాలమంతా మోటారుసైకిలు మీద తిరుగుతాను. వానలు పడితే వాగు దాటడం దానివల్ల కాదు. కిందటేడు అవతల ఒక ఆవుకి కడుపులో దూడ అడ్డం తిరిగిందని ఫోనొచ్చింది. ఇవతలి గట్టున గొడుగు పట్టుకుని నిలబడి, "చెయ్యి ఇంకా లోపలికి పోనివ్వండి, కాలు దొరికిందా?" అని గంటన్నరసేపు ఫోన్లో అరిచాను. ఆవు బతికింది. దూడ పోయింది. ఆ గంటన్నర గుర్తొస్తే నాకిప్పటికీ నిద్ర పట్టదు. వచ్చే వానల్లోపు నాలుగు చక్రాలూ లాగే జీపు ఒకటి కొని తీరాలని ఆ రోజే అనుకున్నాను. కొత్తది కొనే స్తోమత లేదు. పైగా నాకు ఆ పాతకాలపు జీపులంటే పిచ్చి. చదరపు మొహం, గుండ్రటి లైట్లు, ఎవరి మాటా విననట్టు నిలబడే తీరు. మా వంశంలో అందరి పోలికా అదే కదా, అని అన్నయ్య అంటాడు.

పాత జీపు చూసి చెప్పాలంటే పెదనాన్నని మించినవాడు లేడు. అడిగితే రొమ్ము విరుచుకుని ఒప్పుకున్నాడు. ఒక సంచీ సిద్ధం చేసుకున్నాడు. అందులో ఒక అయస్కాంతం, చిన్న సుత్తి, టార్చిలైటు, సుద్దముక్క, ఒక పాత గుడ్డ. సరిగ్గా నా సంచీలాగే ఉంది, థర్మామీటరొక్కటే తక్కువ.

మొదటి ఆదివారం వెళ్ళింది ఒక మందులషాపు ఆయన ఇంటికి. ఆయన నవ్వుతూ ఎదురొచ్చి, జీపు చుట్టూ తిప్పి, టీ తాగుతారా అని అడిగాడు. పెదనాన్న ఆయన్ని దాటుకుపోయాడు. తిన్నగా వెళ్ళి బానెట్టు మీద అరచెయ్యి ఆనించి, వెంటనే తీసేశాడు.

"జ్వరం ఉంది. పదమ్మా" అన్నాడు.

"అదేంటి పెదనాన్నా, ఇంకా చూడందే?"

"మనం వచ్చేలోపు స్టార్టు చేసి వేడెక్కించాడు. అంటే చల్లగా ఉన్నప్పుడు అది లేవదు. ఇంజను నిద్రలో ఉండగా చూడాలి. లేవగానే దగ్గుతుందా, మూలుగుతుందా, పొగ నీలంగా వస్తుందా అన్నీ అప్పుడే తెలుస్తాయి. నీలం పొగొస్తే ఆయిలు తాగుతున్నట్టు. పొద్దున్నే ఆవుని చూడవూ నువ్వు? అలాగే."

మందులషాపు ఆయన టీ గ్లాసులు పట్టుకుని అలాగే ఉండిపోయాడు. నాకు టీ తాగాలనే ఉంది.

రెండో ఆదివారం చూసిన జీపుకి లోపల కొత్త మ్యాట్లు వేసి ఉన్నాయి. నాకు ముచ్చటేసింది. పెదనాన్నకి అనుమానమేసింది. మ్యాటు ఎత్తి చూస్తే, తుప్పు రేకుని తినేసిన చోట కింద రోడ్డు కనపడింది. ఓ చీమ కూడా కనపడింది. "గాలి బాగా ఆడుతుంది సార్" అన్నాడు బండి ఆయన, ఏ మాత్రం సిగ్గుపడకుండా. మూడో ఆదివారం అయస్కాంతం బయటికొచ్చింది. రంగుకి గీత పడకుండా దాన్ని గుడ్డలో చుట్టి, బండి ఒంటి మీద అంగుళం అంగుళం జరిపాడు. రేకైతే పట్టుకుంటుంది, సొట్టలు పూడ్చిన పుట్టీ అయితే జారిపోతుంది. ఆ జీపుకి కుడివైపు ఎక్కడ పెట్టినా జారిపోయింది. "ఇది జీపు కాదయ్యా, గోడ. సున్నం వేసుకో" అని చెప్పి వచ్చేశాడు. ఆ మూడోవాడు వీధి చివరిదాకా తిడుతూ వెంటొచ్చాడు. మొహం మాడ్చుకుని నేనే క్షమాపణలు చెప్పాను.

నాలుగోది నిజంగా మంచి బండి. రిటైరైన క్యాషియరు ఒకాయన దాన్ని కంటికి రెప్పలా చూసుకున్నాడు. ఇంజను లేవగానే గొంతు సవరించుకున్నట్టు ఒక్కసారి ఖంగుమని, ఇక బుద్ధిగా తిరిగింది. ఆయిలు కొలిచే పుల్ల తీసి చూస్తే తెల్లటి నురగ లేదు, అంటే ఆయిల్లో నీళ్ళు కలవలేదు. స్టీరింగు వదులు లేదు. నా ప్రాణం లేచొచ్చింది. అప్పుడు పెదనాన్న బానెట్టు లోపల చెక్కి ఉన్న బండి నంబరు మీద సుద్ద రుద్ది, రిజిస్ట్రేషను కాగితంలో నంబరుతో పోల్చి, "ఒక అంకె తేడా ఉంది" అన్నాడు. క్యాషియరు గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు. జీవితమంతా అంకెలు చూసిన మనిషి పదిహేనేళ్ళుగా ఆ అంకె చూసుకోలేదు. ఏడ్చినంత పనిచేశారు.

దారిలో నేను ఒంటికాలి మీద లేచాను. "నీకు జీపు నచ్చాలంటే అది ఇంకా ఫ్యాక్టరీ కడుపులోనే ఉండాలి పెదనాన్నా! వానలకి మూడు వారాలే ఉంది!"

"వాగు దాటేది నువ్వు. దాని మధ్యలో బండి ఆగిపోతే ఫ్యాక్టరీవాడు వస్తాడా?" అన్నాడు. ఆ తర్వాత, ప్రతి ఆదివారం చెప్పినట్టే, హబ్బుల పాఠం చెప్పాడు. ఆ కాలపు జీపుల్లో నాలుగు చక్రాలూ లాగాలంటే లోపల గేరుకర్ర లాగితే సరిపోదు. కిందికి దిగి, ముందు చక్రాలు రెండింటికీ మధ్యలో ఉన్న హబ్బులనే బిళ్ళల్ని చేత్తో తిప్పాలి. రెండూ తిప్పాలి. ఒకటి తిప్పి ఒకటి వదిలేస్తే ముందు చక్రాలు లాగవు, తిప్పనట్టే లెక్క. "రెండూనమ్మా, రెండూ" అని ఎన్నిసార్లు చెప్పాడంటే, ఓ రోజు గేదెకి సూదిమందు ఇస్తూ నేనూ అదే గొణుక్కున్నాను.

ఐదో ఆదివారం వెళ్ళింది పిండిమర వెనకున్న పాతబండ్ల యార్డుకి. యార్డు ఆయన లావుగా, హుషారుగా ఉన్నాడు. చెవి మీద పెన్సిలు పెట్టుకుని ఉన్నాడు, దాంతో ఏదైనా రాయగా మాత్రం నేను చూడలేదు. మూడు లారీల వెనకనుంచి మమ్మల్ని తీసుకెళ్ళి ఒక ఆకుపచ్చ జీపు ముందు నిలబెట్టాడు. "తొమ్మిదేళ్ళు ఒక తోట యజమాని దగ్గర ఉంది. తిరిగింది తక్కువ. అంతకుముందు గవర్నమెంటు బండి" అన్నాడు.

నేను మనసు పారేసుకున్నాను. పెళ్ళిచూపుల్లో కూడా నాకలా అవలేదు, ఆ సంగతి మా ఆయనకీ తెలుసు.

పెదనాన్న బానెట్టు మీద చెయ్యి వెయ్యలేదు. సంచీ విప్పలేదు.  కాసేపటికి ఎడమవైపు డోరు దగ్గరికి నడిచాడు.

"సార్, ఆ డోరు కొంచెం పేచీ, దాన్ని..." అని యార్డు ఆయన అంటుండగానే, పెదనాన్న డోరుని మోకాలితో ఓ పిసరు పైకెత్తి, లాగాడు. తెరుచుకుంది. లోపల కూర్చుని, తల వంచకుండానే డ్యాష్‌బోర్డు కింద చెయ్యి పెట్టి ఏదో నొక్కాడు. లైట్లు వెలిగాయి.

"ఆ స్విచ్చి దొరకబుచ్చుకోడానికి నాకు రెండు రోజులు పట్టింది!" అని నోరు వెళ్ళబెట్టాడు యార్డు ఆయన.

పెదనాన్న స్టీరింగు మీద అరచెయ్యి ఆనించాడు. "ఇది నా బండేనమ్మా. ఇరవై రెండేళ్ళు నడిపాను. అప్పుడు తెల్లగా ఉండేది. నేను రిటైరైన నెలలోనే వేలం వేసేశారు. వేలం రోజు నేను ఆ ఛాయలకే వెళ్ళలేదు."

నాకు ఒళ్ళు పులకరించింది. నాలుగు ఆదివారాలు ఊరంతా తిరిగి, చివరికి ఎవరి బండి దగ్గరికి వచ్చాం! గీత పడని బండి! యార్డు ఆయనకీ మహదానందమైంది. లారీల దగ్గరున్న మనుషుల్ని కేకేసి, "ఈ సార్ ఇరవై రెండేళ్ళు నడిపారంట, ఆ బండే ఇది!" అని పండగ చేశాడు. నేను గర్వంగా అందరికీ సర్టిఫికెట్ సంగతి కూడా చెప్పాను. జీవితంలో మొదటిసారి ఆ కాగితం నాకు ముద్దొచ్చింది.

"ఇక చూసేదేముంది, బాగుంటుందిలే" అన్నాడు పెదనాన్న, ఎటో చూస్తూ. నాలుగు బండ్లకి వంకలు పెట్టిన మనిషి.

కానీ నేర్పింది ఆయనే కదా. నేనే సంచీ విప్పాను. ఇంజను చల్లగా ఉంది. స్టార్టు చేస్తే ఒక్క పిలుపుకే లేచింది, పొగ లేదు. ఆయిలు తేటగా ఉంది. నంబరు అంకె అంకె కలిసింది. హబ్బులు రెండూ తిరిగాయి. అయస్కాంతం కుడివైపంతా గట్టిగా పట్టుకుంది. ఎడమవైపుకి వచ్చేసరికి, పెదనాన్న ముందు మడ్‌గార్డుకి వీపు ఆనించి నిలబడి ఉన్నాడు.

"జరుగు పెదనాన్నా."

"అక్కడ అవసరం లేదులేమ్మా."

"జరుగు, అంగుళం అంగుళం చూడాలన్నావుగా."

"మోకాళ్ళు పట్టేశాయి. కాస్త ఆనుకోనీ."

మోకాళ్ళ నొప్పంటే పాపమనిపించి వదిలేశాను. ఆవు కాలు కుంటితే మాత్రం అరకిలోమీటరు దూరం నుంచి కనిపెడతాను నేను. యార్డు ఆయన కాగితాలు తెచ్చి బానెట్టు మీద పరిచాడు. ఈసారి చెవి మీది పెన్సిలు కాదు, జేబులోంచి మంచి పెన్ను తీసిచ్చాడు. నేను సంతకం పెట్టబోతూ, "ఇంక చూస్కో పెదనాన్నా, మొదటి వాన పడగానే వాగు దాటేస్తా. గడ్డిమోపులు, మందుపెట్టెలు, ఇద్దరు మనుషులు, దూడల్ని కూడా ఎక్కించుకుంటా" అన్నాను.

"ఆగమ్మా" అన్నాడు.

సంచీలోంచి సుత్తి తీసుకున్నాడు. తెల్లచొక్కా వేసుకున్న డెబ్భై ఏళ్ళ మనిషి, మట్టిలో వెల్లకిలా పడుకుని బండి కిందికి జరిగాడు. "నువ్వూ రా" అన్నాడు. నేనూ దూరాను. బండి బరువంతా మోసే రెండు పొడుగాటి ఇనప దూలాల్ని ఛాసిస్ అంటారు. కుడి దూలం మీద కొట్టాడు, గుడిగంటలా ఖంగుమంది. ఎడమదాని మీద కొట్టాడు, ముందు చక్రం దగ్గర. చప్పగా, తలుపు మీద కొట్టినట్టు శబ్దమొచ్చింది. గోటితో నల్లరంగు గీకాడు. కింద గొంగళిపురుగులా ఉబ్బెత్తుగా వెల్డింగు అతుకు ఉంది.

"ఇక్కడ విరిగింది. నేనే విరగ్గొట్టాను" అన్నాడు, నా వైపు చూడకుండా. "పంతొమ్మిదేళ్ళయింది. వాన. గుట్ట దిగి వాగు దాటాలి. ఒక్కణ్ణే ఉన్నాను. కుడి హబ్బు తిప్పాను. ఎడమవైపు మోకాలి లోతు బురద. ఆ పొద్దునే కొత్త బూట్లు కొనుక్కున్నాను."

"అయితే?"

"ఒకటి చాల్లే అనుకున్నాను."

బండి పక్కకి జారి, గోతిలో బండరాయి మీద పడిందట. ఊళ్ళో నాగళ్ళు అతికేవాణ్ణి బతిమాలి వెల్డింగు పెట్టించాడు. మడ్‌గార్డు సొట్టలో పుట్టీ పూడ్చి రంగు వేయించాడు. సోమవారం ఆఫీసు తెరిచేసరికి బండి తళతళలాడుతూ నిలబడి ఉంది. ఎవరూ అడగలేదు, ఈయన చెప్పలేదు.

"ఆ తర్వాత పదేళ్ళు, ఎక్కడ అతుకు ఊడుతుందోనని గుండె గుప్పిట్లో పెట్టుకుని నడిపానమ్మా. గుంటొస్తే ఆగిపోయేవాణ్ణి. బరువు ఎక్కించనిచ్చేవాణ్ణి కాదు. అది చూసి, ఇంత జాగ్రత్తగా నడిపే డ్రైవరు ఇంకెక్కడా లేడని ఆఫీసర్లు మెచ్చుకునేవాళ్ళు. సర్టిఫికెట్ అందుకే ఇచ్చారు."

నాకు నవ్వాగలేదు. బండి కింద పడుకుని, తల ఇనుముకి కొట్టుకునేలా నవ్వాను. ఆ వెంటనే ఒళ్ళు మండింది. గాజుముక్కలు ఏరుతున్న మా నాన్న గుర్తొచ్చాడు. "కొత్త బూట్ల కోసం!" అని ఆయన మొహం మీదే అరిచాను. "నలభై నిమిషాలు! అన్నయ్యని నలభై నిమిషాలు నిలబెట్టావు!" ఆయన సుత్తిని చొక్కాకి తుడిచాడు. "నువ్వు దూడల్ని ఎక్కించుకుని వాగులోకి దిగితే ఇది రెండు ముక్కలవుతుంది. తోటలో ఖాళీగా తిరిగింది కాబట్టి ఇన్నాళ్ళు నిలిచింది" అని మాత్రం అన్నాడు.

బయటికొచ్చాక ఇంకో పని చేశాడు. సుద్దముక్క తీసి, జీపు ముందద్దం మీద పెద్ద పెద్ద అక్షరాలతో "ఛాసిస్ విరిగింది. కొనకండి" అని రాశాడు. తన బండి మీద, తన చేత్తో. యార్డు ఆయన లబోదిబోమన్నాడు. "మీరు కొనకపోతే పోయారు, నా నోట్లో మట్టి కొడతారేంటి పెద్దాయనా! ఇక దీన్ని తుక్కు కింద కొయ్యించాల్సిందే!" పెదనాన్న సుద్ద సంచీలో వేసి, "కొయ్యించు. ఇంజను మాత్రం పడెయ్యకు, బంగారం అది" అన్నాడు. అని, ఆ పేచీ డోరుని మోకాలితో ఎత్తి, మెల్లగా మూశాడు.

జీపు సంగతేమైందని అడుగుతారేమో. క్యాషియరు గారు ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి, తమ బండి కాగితంలో ఆ అంకె సరిదిద్దించుకున్నారు. వానలకి నాలుగు రోజుల ముందు అది నాదైంది. అది వేరే తలనొప్పి, ఇప్పుడొద్దు.

ఆ రోజు యార్డు నుంచి తిరిగొస్తూ బస్సులో మేమిద్దరం పక్కపక్కనే కూర్చున్నాం. నేను కోపంతో బిగదీసుకుని ఉన్నాను. నాకు జీపు పోయింది, రెండు వారాలే గడువుంది. ఆయన చొక్కా వీపంతా మట్టే. మా స్టాపు వస్తుండగా, "మీ పెద్దమ్మకి నువ్వు చెబుతావా?" అన్నాడు, చిన్న గొంతుతో. "నేనెందుకు చెప్తాను? నువ్వే చెప్పుకో" అన్నాను. నిజం చెప్పొద్దూ, పెద్దమ్మ ఆ ఫ్రేము తీసి నేలకేసి కొడితే చూడాలని ఉంది నాకు. అందుకే మా ఇంటికి మళ్ళకుండా ఆయన వెనకే వెళ్ళాను.

పెద్దమ్మ ముందుగదిలో ఆరిన బట్టలు మడతపెడుతోంది. పెదనాన్న గుమ్మంలోనే, చెప్పులైనా విప్పకుండా, "ఇదిగో, నీకొకటి చెప్పాలి. పంతొమ్మిదేళ్ళ కిందట నేను జీపుని గోతిలో పడేశాను. ఛాసిస్ విరిగింది. ఎవరికీ చెప్పలేదు" అని గబగబా అనేశాడు. అని, తల దించుకున్నాడు.

పెద్దమ్మ చేతిలో దుప్పటి జారిపోయింది.

"అయ్యో! మీకెక్కడ తగిలిందండీ?" అంది.

పెదనాన్న తలెత్తాడు.  ఎడమ చెయ్యి వెళ్ళి ఎడమ డొక్క మీద ఆగింది. "ఇక్కడ. రెండు పక్కటెముకలు" అన్నాడు. అని, గుమ్మానికి ఆనుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"ఆ నెలంతా కుర్చీలో కూర్చుని నిద్రపోయారు, అందుకా! గురక తగ్గుతుందని కదండీ చెప్పారు! తగ్గిందని సంతోషించాను కూడా నేను!" అంటూ ఆవిడ గబగబా వచ్చి, ఆయన్ని కూర్చోబెట్టి, మట్టి కొట్టుకున్న చొక్కా గుండీలు విప్పడం మొదలెట్టింది.

నేను డాక్టర్ని. పొద్దున్నించీ ఆయన పక్కనే ఉన్నాను. బండికి ఎక్కడెక్కడ తగిలిందో అంగుళం అంగుళం తెలుసుకున్నాను, బూట్ల గురించి అరిచాను, ఆ ఒక్క మాట మాత్రం నేను అడగలేదు. సిగ్గుతో నాకు తల కొట్టేసినట్టయింది. సంచీ కింద పెట్టి దగ్గరికెళ్ళి, "ఒక్కసారి గట్టిగా ఊపిరి పీల్చు పెదనాన్నా" అన్నాను. వేళ్ళతో తడిమి చూశాను. రెండెముకలూ వంకరగానే అతుక్కుని ఉన్నాయి.

"నొప్పుందా?" అన్నాను.

"చలికాలం ఉంటుందమ్మా" అన్నాడు.